విసిరివేయబడినవారి తుపాను: టర్నర్ "బానిసల ఓడ" చిత్రముపై ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతము

తుపానులో చిక్కుకున్న ఓడ మన ప్రసంగవేదికలకు మిక్కిలి పరిచయమైన దృశ్యము. మార్కు సువార్త నాలుగవ అధ్యాయము చదువబడుతుంది. శిష్యుల దోనె నీటితో నిండుతుంది. అమరమున తలగడ మీద నిద్రించుచున్న ప్రభువు లేచి గాలిని గద్దిస్తాడు. పిమ్మట ప్రసంగీకుడు మన వ్యాధి, మన అప్పులు, మన కుటుంబ కలహములు అను తుపానులను ఒక్కొక్కటిగా పేర్కొని, ప్రభువు మన దోనెలో ఉన్నాడని ధైర్యము చెప్పి ముగిస్తాడు. ఈ అన్వయమును తోసిపుచ్చవలసిన అవసరము లేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూసిన తరమునకు ఆ ధైర్యవచనము ఉట్టి మాట కాదు.

అయితే ఈ ప్రసంగములన్నిటిలో ఒక విషయము మారదు. వినేవాడు ఎల్లప్పుడు దోనె లోపలనే కూర్చొని ఉంటాడు. దోనె బయట, నీటిలో, ఎవరైనా ఉన్నారా అని అడుగుట అరుదు. 1840వ సంవత్సరములో ఇంగ్లండులో ప్రదర్శింపబడిన ఒక తైలవర్ణ చిత్రము ఈ ప్రశ్నను తప్పించుకొనుటకు వీలులేని రీతిగా మన ముందుంచుతున్నది. ఆ చిత్రమును, దాని వెనుకనున్న చరిత్రను, అందులోని లోపమును పరిశీలించి, ఓడ ప్రయాణములను గూర్చిన మూడు బైబిలు వాక్యభాగములతో సరిపోల్చుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. తుపానులో ఓడ బరువు తగ్గించవలసి వచ్చినప్పుడు సరకు బయటికి పోతుందా, మనిషి బయటికి పోతాడా అన్నదే ఆ మూడు భాగములను కలిపి చదివినప్పుడు ముందుకు వచ్చే ప్రశ్న అని ఇక్కడ ప్రతిపాదింపబడుచున్నది.

1. చిత్రములో కనిపించేది

జోసెఫ్ మాలర్డ్ విలియమ్ టర్నర్ (1775–1851) కాల్పనికోద్యమ కాలపు ఆంగ్ల చిత్రకారులలో అగ్రగణ్యుడు. లండనులో ఒక మంగలి కుమారుడుగా పుట్టి, జీవితమంతా సముద్రమును, మంచును, పొగను, వెలుగును చిత్రించాడు. ఇప్పుడు మనము చూడబోవు చిత్రమునకు అతడు పెట్టిన పేరు పొడవైనది. తెలుగులో దానిని "చనిపోయినవారిని, చనిపోవుచున్నవారిని ఓడ మీదనుండి విసిరివేయుచున్న బానిస వ్యాపారులు – తుపాను రాబోవుచున్నది" అని చెప్పవచ్చును. వాడుకలో అది "బానిసల ఓడ"గా స్థిరపడినది. సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తు, 123 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ చిత్రము 1899 నుండి అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియములో ఉన్నది.

మొదటిసారి చూసినప్పుడు మన కన్ను ఆకాశము మీదికే పోతుంది. ఎరుపు, నారింజ, పసుపు, ఊదా వర్ణములు మంటవలె వ్యాపించి ఉంటాయి. నడుమ అస్తమించే సూర్యుని నుండి తెల్లని కాంతి నిలువుగా దిగి సముద్రమును రెండుగా చీల్చినట్లు కనబడుతుంది. ఎడమవైపున, కొంత దూరములో, తెరచాపలు చుట్టివేసుకొని రాబోవు గాలికి సిద్ధపడుచున్న ఓడ ఉన్నది. దాని స్తంభములు ఎర్రని ఆకాశము మీద గీతలుగా నిలిచి ఉన్నాయి. ఓడ మీద మనుష్యులెవరో గుర్తుపట్టలేము.

తరువాత, ఆలస్యముగా, కన్ను క్రిందికి దిగుతుంది. కుడివైపున, మనకు అతి సమీపములో, తలక్రిందులైన ఒక నల్లని కాలు నీటి పైకి లేచి ఉన్నది. దాని చీలమండకు ఇనుప సంకెల ఉన్నది. చేపలు ఆ దేహము చుట్టు మూగుచున్నాయి. పక్షులు పైన తిరుగుచున్నాయి. మరికొంత దూరములో నీటి నుండి చేతులు పైకి వచ్చాయి. గొలుసులు అలల మీద కనబడుచున్నాయి. ఇనుము నీటిపై తేలదు గదా అని చూపరులు నాటి నుండి నేటి వరకు ఆక్షేపించుచునే ఉన్నారు. ప్రకృతి నియమమును బట్టి చూస్తే ఆ ఆక్షేపణ సరియైనదే. అయితే మునిగిపోవలసిన సాక్ష్యమును చిత్రకారుడు మునగనియ్యలేదు అని కూడ చెప్పవచ్చును.

చూచువాని స్థానమును ఇక్కడ గమనించవలెను. టర్నర్ మనలను ఓడలో నిలబెట్టలేదు, ఒడ్డున కూడ నిలబెట్టలేదు. నీటి మట్టమునకు కొద్దిగా పైన, విసిరివేయబడినవారి ప్రక్కన మనలను ఉంచాడు. ఓడ మన నుండి దూరముగా వెళ్లిపోవుచున్నది.

2. చిత్రము వెనుకనున్న చరిత్ర

ఈ చిత్రమునకు ప్రేరణ "జాంగ్" అను ఓడ సంఘటన అని చాలమంది పరిశోధకుల అభిప్రాయము. 1781 ఆగస్టులో లివర్‌పూల్ వర్తకులకు చెందిన ఆ ఓడ 442 మంది ఆఫ్రికనులను ఎక్కించుకొని, నేటి ఘానా దేశపు అక్రా తీరము నుండి జమైకాకు బయలుదేరినది. ఆ ఓడకు అంతమంది మోయలేని భారము. దారిలో వ్యాధి ప్రబలినది, అనేకులు మరణించారు. ఓడ నడిపేవారు జమైకాను మరొక ద్వీపమని పొరబడి దాటిపోయారు. 1781 నవంబరు 29న, మంచినీరు చాలదను కారణము చెప్పి, వారు బ్రతికియున్న మనుష్యులను సముద్రములోనికి విసిరివేయుట ఆరంభించారు. మొదట స్త్రీలను, పిల్లలను, పిమ్మట పురుషులను, కొన్ని రోజుల వ్యవధిలో సుమారు 130 మందిని నీటి పాలు చేశారు. ఈ మధ్యలో వర్షము కురిసినదని, అయినను విసిరివేయుట ఆగలేదని తరువాత న్యాయస్థానములో బయటపడినది. డిసెంబరు 22న ఓడ జమైకా చేరునప్పటికి దానిలో ఇంకను 420 గ్యాలన్ల నీరు మిగిలియున్నది.

ఎందుకు ఇట్లు చేశారు? సమాధానము బీమా పత్రములో ఉన్నది. వ్యాధితో చనిపోయిన బానిసకు బీమా సొమ్ము రాదు. ఓడను కాపాడుటకు తప్పనిసరియై పారవేసిన "సరకు"కు వస్తుంది. ఓడ యజమానులు తలకు 30 పౌనుల చొప్పున సొమ్ము కోరారు. 1783 మార్చిలో జ్యూరీ యజమానుల పక్షముగా తీర్పు ఇచ్చినది. అదే సంవత్సరము మే నెలలో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఎదుట తిరిగి వాదనలు జరిగినప్పుడు, గుర్రములను పారవేసిన వ్యవహారము వంటిదే ఇదియు అని జ్యూరీ భావించినదని ఆయన పేర్కొన్నాడు. మరల విచారణ జరుపుటకు అనుమతి లభించినది గాని అది జరిగినట్లు ఆధారము లేదు. హత్యా నేరము క్రింద ఒక్కరిని కూడ విచారించలేదు.

ఆ ఓడకు మొదటి పేరు డచ్చి భాషలో "జోర్గ్". దానికి "సంరక్షణ" అని అర్థము.

తుపానుల సమయములో సరకు పారవేసి, ఆ నష్టమును అందరు పంచుకొనుట ప్రాచీనమైన సముద్ర న్యాయము. రోదు ద్వీపవాసుల పేర ప్రసిద్ధమైన ఆ నియమము రోమా ధర్మశాస్త్ర సంగ్రహములో చేరినది. స్వతంత్రులైన మనుష్యుల దేహములకు వెల కట్టరాదని అక్కడ స్పష్టముగా ఉన్నది. బానిసకు ఆ గౌరవము లేదు. మనిషికి ఒకసారి వెల నిర్ణయించిన తరువాత, అతనిని సరకుల పట్టికలో చేర్చుటకు ఒక్క అడుగు చాలును. జాంగ్ ఓడ మీద ఆ అడుగు పడినది.

ఈ వార్తను ఇంగ్లండులో వెలుగులోనికి తెచ్చినవాడు ఒలౌడా ఎక్వియానో. తానును బానిసగా ఓడలో సముద్రము దాటి, తరువాత స్వేచ్ఛను కొనుక్కొన్న ఆఫ్రికా క్రైస్తవుడు ఆయన. 1783 మార్చిలో ఆయన గ్రాన్విల్ షార్ప్ అను సంస్కర్త వద్దకు వెళ్లి జరిగినది తెలియజేశాడు. థామస్ క్లార్క్‌సన్ బానిస వ్యాపార నిర్మూలన చరిత్రను 1808లో ప్రచురించాడు. 1839లో ఆ గ్రంథము తిరిగి వెలువడినది. టర్నర్ దానిని చదివి ఉంటాడని అనేకులు భావిస్తారు. బ్రిటిషు సామ్రాజ్యములో బానిస వ్యాపారమును 1807లోను, బానిసత్వమును 1833 నాటి చట్టము ద్వారాను రద్దు చేశారు గాని, ఇతర దేశముల ఓడలు ఆ వ్యాపారమును కొనసాగించుచునే ఉన్నాయి. ఆ ఓడలు నౌకాదళమునకు పట్టుబడు సమయములో బందీలను సముద్రములో పడవేసిన సంగతులే చిత్రమునకు ఆధారమని మరికొందరు అంటారు. ఏది ఏమైనను, చిత్రము రాయల్ అకాడమీలో ప్రదర్శింపబడిన 1840లోనే, జూన్ నెలలో, ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ లండనులో సమావేశమైనది.

3. అందములోని ప్రమాదము

ఈ చిత్రమును మెచ్చుకొనుట ఎంత సులభమో, మెచ్చుకొని దాని విషయమును మరచుట కూడ అంత సులభము. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ జాన్ రస్కిన్. ఆయన తండ్రి 1844లో ఈ చిత్రమును కొని కుమారునికి నూతన సంవత్సర కానుకగా ఇచ్చాడు. అంతకు ముందే, 1843లో వెలువడిన తన "మోడరన్ పెయింటర్స్" మొదటి సంపుటములో రస్కిన్ ఈ సముద్రమును, అలల కదలికను, ఆకాశపు వర్ణములను అద్భుతమైన గద్యములో వర్ణించాడు. టర్నర్ అమరత్వము ఒక్క చిత్రముపై ఆధారపడవలసి వస్తే ఇదే చాలునని భావించాడు. అయితే అది మనుష్యులను నీట పడవేయుచున్న బానిసల ఓడ అను సంగతిని ఆయన చెప్పినది అధోజ్ఞాపికలో మాత్రమే. సముద్రమునకు పుటలు, మనుష్యులకు పుట అడుగున ఒక పంక్తి. తరువాతి కాలములో ఈ దృశ్యము ఇంట ఉండుట ఆయనకు దుర్భరమైనదని చెబుతారు. 1872లో చిత్రము అమ్ముడై అమెరికా చేరినది.

రస్కిన్‌ను మాత్రమే తప్పు పట్టుట న్యాయము కాదు. ఈ కళా సంప్రదాయములోనే ఆ ప్రమాదము ఇమిడియున్నది. ఎడ్మండ్ బర్క్ 1757లో ప్రచురించిన గ్రంథములో భయము గొలిపే మహత్త్వమును వివరించుచు, అపాయము మరీ సమీపమైనప్పుడు మనకు కలిగేది బాధయే గాని, కొంత దూరమున ఉన్నప్పుడు ఆ భయమే ఒక విధమైన ఆనందమును కలిగించగలదని వాదించాడు. తుపాను ఓడల చిత్రములన్నిటికి ఈ సూత్రమే ఆధారము. చూచువాడు క్షేమముగా ఉంటేనే తుపాను అందముగా ఉంటుంది. మన ప్రసంగములకును ఇది వర్తిస్తుంది. గాలిని, అలలను గంభీరమైన కంఠముతో వర్ణించి శ్రోతలను పులకింపజేయుట మనకు తెలియని విద్య కాదు. ఆ పులకింతలో మునిగిపోవుచున్నవారు పుట అడుగుకు జారిపోవుట కూడ మనకు క్రొత్త కాదు.

చిత్రకారుని చరిత్ర కూడ నిష్కళంకము కాదు. 1805లో టర్నర్ జమైకాలో బానిసల శ్రమతో నడచే ఒక పశువుల క్షేత్రపు పెట్టుబడి పథకములో నూరు పౌనులు పెట్టాడు. ముప్పది ఐదు సంవత్సరముల తరువాత ఈ చిత్రమును వేశాడు. దీనిని పశ్చాత్తాపము అనుటకు మన వద్ద అతని మాట ఏదియు లేదు. అయినను, నేరమును చిత్రించే చేయి ఆ నేరమునకు పూర్తిగా వెలుపలిది కాకపోవచ్చునను సత్యము ఇందులో ఉన్నది. ప్రవక్తల గ్రంథములు బోధించువారికి ఇది పరాయి పాఠము కాదు.

అన్నిటికంటె గంభీరమైన లోపము మరొకటి. ఈ చిత్రములో విసిరివేయబడినవారికి ముఖము లేదు. ఒక కాలు, కొన్ని చేతులు మాత్రమే. వారిని సముద్రము మ్రింగకముందే చిత్రము ముక్కలు చేసినది. జాంగ్ ఓడ నుండి విసిరివేయబడిన ఒక మనుష్యుడు త్రాడును పట్టుకొని తిరిగి ఓడ మీదికి ఎక్కగలిగాడని 1783 నాటి వాదనలలో చెప్పబడినది. అతనికి ఈ చిత్రములో చోటు లేదు. టర్నర్ జాలి పడగలిగాడు, కోపపడగలిగాడు. వారి స్వరమును మాత్రము వినిపించలేకపోయాడు. ఆ స్వరము కొరకు మనము ఎక్వియానో 1789లో ప్రచురించిన స్వీయచరిత్ర వద్దకు వెళ్లవలసినదే.

4. తుపాను తీర్పా?

చిత్రము పేరులోని చివరి భాగము "తుపాను రాబోవుచున్నది" అని హెచ్చరించుచున్నది. ఎర్రని ఆకాశమును దేవుని ఉగ్రతగా, రాబోవు గాలిని ఓడకు తీర్పుగా చదివినవారు అనేకులు ఉన్నారు. ఈ పఠనమునకు బలమున్నది. అయితే రెండు ప్రశ్నలకు అది సమాధానము చెప్పవలెను.

మొదటిది: ఈ తుపాను ఓడను ముంచుటకు ముందు ఎవరిని ముంచుతుంది? నేరస్థులు ఇంకను పలకల మీదనే ఉన్నారు. నిర్దోషులు ఇప్పటికే నీటిలో ఉన్నారు. ఉప్పెన వచ్చినప్పుడల్లా అది ఫలానా పాపమునకు శిక్ష అని తొందరపడి పలికేవారు ఈ చిత్రము ఎదుట కొంతసేపు నిలబడుట మంచిది.

రెండవది: చరిత్రలో ఆ తీర్పు వచ్చిందా? జాంగ్‌ను ఏ తుపానును ముంచలేదు. అది జమైకా రేవుకు చేరినది. మిగిలిన మనుష్యులు అమ్మబడ్డారు. యజమానులు బీమా సొమ్ము కొరకు న్యాయస్థానమునకు వెళ్లారు. చరిత్ర ఇవ్వని న్యాయమును చిత్రము ఆకాశములో చూపినది. న్యాయము కొరకు ఆకలిగొనుటకు అది తోడ్పడితే మేలు. న్యాయము దానంతట అదే ఆకాశము నుండి వస్తుందిలే అని మనలను నిద్రపుచ్చితే కీడు. టర్నర్ ఈ చిత్రముతో పాటు ప్రదర్శన పట్టికలో తన సొంత పద్యభాగమును ముద్రింపజేశాడు. ముగియని ఆ కావ్యమునకు అతడు పెట్టిన పేరు "ఆశ యొక్క భ్రమలు" అను అర్థమునిచ్చేది. ఆశయే భ్రమ అని క్రైస్తవుడు ఒప్పుకొనడు. కాని భ్రమను ఆశ అని బోధించకుండ జాగ్రత్తపడవలసిన బాధ్యత అతనిపై ఉన్నది.

5. మూడు ప్రయాణములు, ఒకే ప్రశ్న

ఇప్పుడు లేఖనముల వైపు తిరుగుదము.

(అ) యోనా 1వ అధ్యాయము. యొప్పేలో యోనా కేవు ఇచ్చి తర్షీషు ఓడ ఎక్కుతాడు. తుపాను రాగానే నావికులు చేసిన మొదటి పని సరకును పారవేయుట (1:5). మనిషిని పారవేయవలెనను మాట వారి నోట రాలేదు. దానిని యోనాయే పలికాడు (1:12). అప్పుడు కూడ వారు వెంటనే ఒప్పుకొనక, ఓడను దరికి చేర్చుటకు బలముకొలది తెడ్లు వేశారు (1:13). ఇక దారి లేదని తెలిసిన తరువాత, నిర్దోషి రక్తము తమ మీద మోపవద్దని ప్రార్థించి, అప్పుడు మాత్రమే అతనిని ఎత్తి పడవేశారు. ఇశ్రాయేలు దేవుని ఎరుగని నావికులకు ఒక మనుష్యుని ప్రాణము ఇంత బరువైనది! నీనెవెలోని లక్షకు పైగా ప్రజల విషయములో ప్రవక్తకు లేని కనికరము, ఒక్క పరదేశి విషయములో వారికి ఉన్నది. పిమ్మట దేవుడు నియమించిన మత్స్యము యోనాను కాపాడుతుంది; రెండవ అధ్యాయమంతయు అగాధము నుండి వినబడే అతని ప్రార్థనయే. టర్నర్ చిత్రములో చేపలు మ్రింగివేస్తాయి, నీటిలోనివారు మాటలాడరు. విసిరివేయబడినవాని ప్రార్థనను ఒక అధ్యాయముగా భద్రపరచిన గ్రంథము మన చేతిలో ఉన్నదని మరువరాదు.

(ఆ) మార్కు 4:35–5:20. సాధారణముగా మనము నాలుగవ అధ్యాయము చివర ప్రసంగమును ఆపివేస్తాము. అందువలన రెండు విషయములు జారిపోతాయి. ఆ రాత్రి ప్రభువు దోనెతో పాటు ఇతర దోనెలు కూడ ఉన్నాయి (4:36). ఆయన గద్దించిన గాలి వాటికిని నిమ్మళించినది. ఆయన చేసిన అద్భుతము ఒక్క దోనెకు పరిమితమైనది కాదు. ఇక రెండవది: ఆ దోనె ఎక్కడికి వెళ్లుచున్నది? అద్దరిని, సమాధులలో, సంకెళ్లతో పలుమారు కట్టబడిన ఒక మనుష్యుని యొద్దకు. అక్కడ ఇంచుమించు రెండువేల పందులు సముద్రములో పడి చచ్చినవి; మనుష్యుడు స్వస్థచిత్తుడై వస్త్రము ధరించుకొని కూర్చున్నాడు. ఆ ప్రాంతమువారు నష్టమును చూచి, తమ ప్రాంతము విడిచిపొమ్మని ప్రభువును బతిమాలుకొన్నారు. జాంగ్ ఓడ లెక్క సరిగ్గా తలక్రిందులైన దృశ్యమిది. ఇక్కడ సొత్తు నీటి పాలైనది, సంకెళ్లవాడు బ్రతికాడు. ఆ లెక్క నచ్చనివారు ఆనాడును ఉన్నారు.

(ఇ) అపొస్తలుల కార్యములు 27. ఈ అధ్యాయము ఆరంభములోనే ఓడ యజమాని మాటకు ఖైదీ మాటకంటె ఎక్కువ విలువ లభించినది (27:11). ఊరకులోను అను పెనుగాలి కొట్టిన తరువాత సరకు పోయినది, ఓడ సామగ్రి పోయినది, చివరకు గోధుమలును పోయినవి (27:18, 19, 38). నావికులు పడవ దింపుకొని తప్పించుకొన చూడగా, వారు ఓడలో ఉంటేనే గాని మిగిలినవారు తప్పించుకొనలేరని పౌలు చెప్పాడు (27:31). దేవుడు అతనికి అనుగ్రహించినది తన ఒక్కని ప్రాణము కాదు. తనతో ప్రయాణము చేయుచున్న వారందరిని (27:24). లూకా లెక్క వ్రాశాడు: 276 మంది (27:37). ఓడ నేలకు తగిలినప్పుడు, ఖైదీలు ఈది పారిపోతారేమో అని వారిని చంపవలెనని సైనికులు ఆలోచించారు (27:42). ఖైదీలు తప్పించుకొంటే కావలివారు జవాబు చెప్పవలసి ఉంటుంది గనుక, ఆ ఆలోచన వెనుక కూడ ఒక లెక్క ఉన్నది. శతాధిపతి అడ్డుపడ్డాడు. ఈదగలిగినవారు ఈది, మిగిలినవారు పలకల మీద, అందరును దరి చేరారు.

276కును 442కును మధ్యనున్న భేదమును ఆలోచించండి. లూకా లెక్క ఎవరును తప్పిపోలేదని చెప్పుటకు వ్రాయబడినది. జాంగ్ లెక్క తప్పిపోయినవారికి ఎంత సొమ్ము రావలెనో చెప్పుటకు వ్రాయబడినది.

6. తుపానులో మారుమనస్సు: న్యూటన్ చరిత్ర

"అమేజింగ్ గ్రేస్" కీర్తన రచయిత జాన్ న్యూటన్ సాక్ష్యము మన సభలలో తరచుగా చెప్పబడుతుంది. 1748 మార్చిలో "గ్రేహౌండ్" అను ఓడలో ప్రయాణించుచు భయంకరమైన తుపానులో చిక్కుకొని దేవునికి మొరపెట్టి రక్షింపబడ్డాడు. సాధారణముగా ఇక్కడ నుండి నేరుగా కీర్తనకు వెళ్లిపోతాము. మధ్యనున్న సంవత్సరములను కూడ చెప్పవలెను. ఆ తుపాను తరువాతనే, 1750 నుండి 1754 వరకు, న్యూటన్ బానిసల ఓడలకు కెప్టెనుగా పనిచేశాడు. ఓడ పైభాగమున ప్రార్థన, ఓడ అడుగున సంకెళ్లు. కీర్తన 1773 నాటిది. బానిస వ్యాపారమును బహిరంగముగా ఖండించుచు ఆయన వ్రాసిన చిన్న గ్రంథము 1788 నాటిది. తుపానుకును ఆ గ్రంథమునకును మధ్య నలువది సంవత్సరములు.

న్యూటన్ చిత్తశుద్ధిని శంకించుట మన పని కాదు. ఆయన తానే సిగ్గుపడి వ్రాశాడు. ఒక ఓడ ఉద్యోగి పసిబిడ్డ ఏడ్పునకు విసుగుచెంది, తల్లి ఎదుటనే ఆ బిడ్డను సముద్రములోనికి విసిరివేసిన సంగతిని కూడ ఆయన అందులో వ్రాశాడు. అయినను ఆయన చరిత్ర ఒక విషయమును స్పష్టము చేస్తుంది. తుపానులో తన ప్రాణము దక్కినందుకు కృతజ్ఞత కలుగుట ఒకటి. తన ఓడలో ఎవరు బంధింపబడియున్నారో చూచుట మరొకటి. మొదటిది ఒక్క రాత్రిలో కలుగవచ్చును. రెండవదానికి బోధ కావలెను, విసిరివేయబడినవారి సాక్ష్యము వినుట కావలెను.

7. సంఘము అను ఓడ

దోనెను సంఘమునకు ఛాయగా చెప్పుట చాల ప్రాచీనమైన వ్యాఖ్యానము. బాప్తిస్మమును గూర్చిన తన గ్రంథములో తెర్తుల్లియను దీనిని ప్రస్తావించాడు. పాశ్చాత్య దేవాలయములలో ప్రజలు కూర్చొను భాగమునకు లాటిను భాషలోని ఓడ పేరే నిలిచియున్నది. ఈ పోలికను మనము స్వీకరించినప్పుడు దానితో పాటు వచ్చే ప్రశ్నను కూడ స్వీకరించవలెను: మన ఓడకు బరువు ఎక్కువైనప్పుడు మనము మొదట ఎవరిని పారవేస్తాము? ఆస్తి వ్యాజ్యములు, ఎన్నికల కక్షలు, కులపు గోడలు ఓడను ఊపుచున్నప్పుడు, నిశ్శబ్దముగా నీటిలోనికి జారిపోయేవారు ఎవరు? కానుక ఇవ్వలేనివారు, ఫిర్యాదు చేసిన స్త్రీ, జీతము అందని గ్రామ సువార్తికుడు, వెలుపలివాడుగానే మిగిలిపోయిన క్రొత్త విశ్వాసి. ఓడ పరువు కాపాడుటకు ఇది తప్పనిసరి అని ప్రతిసారి ఏదో ఒక కారణము చెప్పబడుతుంది. జాంగ్ యజమానులు న్యాయస్థానములో చెప్పినదియు అదే మాట: తప్పనిసరి.

తెలుగు ప్రజలకు ఓడల చరిత్ర పరాయిది కాదు. బ్రిటిషు సామ్రాజ్యములో బానిసత్వము రద్దయిన పిమ్మట, చెరకు తోటలకు కూలీల కొరకు వలస ఓడలు మన తీరములకు వచ్చాయి. గోదావరి ముఖద్వారమున కోరంగి రేవు నుండి వెళ్లినవారు ఎంతమందియో, మారిషస్‌లో తెలుగువారికి "కోరంగీలు" అను పేరే వచ్చినది. మద్రాసు నుండి బయలుదేరిన "ట్రూరో" 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరినది. దాని వెంట మరెన్నో ఓడలు నేటాలు వెళ్లాయి. వీరు ఒప్పందపు కూలీలు. చట్టరీత్యా బానిసలు కారు. ఆ తేడాను చెరపివేయకూడదు. అయినను ఓడలో మనిషిని చేతుల సంఖ్యగా లెక్కించే అలవాటు కొనసాగినది. ఆ నేటాలుకు 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత మిషనెరీగా జాన్ రంగయ్యను పంపారు. ఓడలు తీసుకొనిపోయినవారిని వెదకుచు ఒక సంఘము మరొక ఓడ ఎక్కుట మన చరిత్రలోని అమూల్యమైన ఘట్టము. దానిని మన విద్యార్థులకు నేర్పవలెను.

ముగింపు

టర్నర్ చిత్రమును పరిపూర్ణమైన సాక్ష్యముగా ఎంచలేము. దాని ఆకాశము మరీ అందమైనది. దాని మనుష్యులకు ముఖములు లేవు. దాని తీర్పు చరిత్రలో జరుగలేదు. అయినను తుపాను ఓడల చిత్రములలో మరేదియు అంతగా చేయని ఒక పనిని అది చేసినది. చూచువానిని ఓడ నుండి దింపి నీటి దగ్గర నిలబెట్టినది.

ప్రసంగములు సిద్ధపరచు కాపరులకు, విద్యార్థులకు దీని నుండి మూడు సూచనలు చేయవచ్చును. మొదటిది, తుపాను వాక్యభాగమును చదువునప్పుడు ఓడలో ఏవి పారవేయబడుచున్నవో, ఎవరు పారవేయబడుటకు దగ్గరగా ఉన్నారో గుర్తించి వ్రాసుకొనవలెను. రెండవది, మార్కు 4వ అధ్యాయమును 5వ అధ్యాయముతో కలిపి ఒక్కసారైనను బోధించవలెను. నిమ్మళించిన సముద్రము మీద దోనె ఎవరి యొద్దకు వెళ్లినదో సంఘము తెలిసికొనవలెను. మూడవది, ధైర్యవచనము చెప్పుటకు ముందు, సంఘములో ఇప్పటికే నీటిలో ఉన్నవారికి ఆ వచనము ఎట్లు వినబడుతుందో ఆలోచించవలెను. దోనెలోనివానికి "భయపడకుము" అని చెప్పుట సులభము. నీటిలోనివానికి మాటతో పాటు త్రాడును కూడ అందించవలెను.

మెలితే ఒడ్డున ఆ వర్షములో, ఆ చలిలో, ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొన్నారు. ఎవరు ఖైదీ, ఎవరు సైనికుడు, ఎవరు యజమాని అని వారు అడిగినట్లు లూకా వ్రాయలేదు. పౌలు వెళ్లి పుల్లలు ఏరుకొని వచ్చాడు. తుపాను తరువాత సంఘము చేయవలసిన పని ఏదో ఆ మంట వద్ద నేర్చుకొనవచ్చును.